డిస్కులు అరిగాయి, మగ్గం మానేయమన్నారు: నడుము నొప్పితో పని నెట్టుకొచ్చేది ఎలా?

ప్రశ్న
గుంట మగ్గం (గట్టుప్పల్ ప్రాంతం, నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. నా వయసు 44 సంవత్సరాలు. పదిహేనో ఏట మా నాన్న పక్కన కూర్చుని గుంట మగ్గంలో కాళ్లు పెట్టినవాణ్ని, నేటికీ అదే పని చేస్తున్నాను. మాది చిటికి (పోగులకు ముడులు కట్టి రంగులద్దే) పట్టుచీరల నేత. ఏడు చీరల వార్పు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులు) ఇంతకుముందు నలభై అయిదు రోజుల్లో దిగేది. ఇప్పుడు రెండు నెలలు దాటినా దిగడం లేదు.

నడుము నొప్పి ఆరేళ్ల క్రితం మొదలైంది. వానాకాలంలో మగ్గం గుంటలోకి ఊట చేరి పని ఆగిన రోజుల్లో దానంతట అదే తగ్గేది కాబట్టి మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఎనిమిది నెలలుగా మాత్రం నొప్పి ఎడమ పిరుదులో మొదలై, తొడ వెనుక నుండి పిక్క వరకు లాగుతోంది. తుమ్మినా దగ్గినా కరెంటు తగిలినట్లు అవుతుంది. నల్లగొండలో ఎంఆర్‌ఐ తీయించాను. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే చోట్ల పూసల మధ్య ఉండే డిస్కులు అరిగి, వాటిలో నీరు తగ్గిపోయిందని, కింది డిస్కు వెనక్కి ఉబ్బి నరాన్ని తాకుతోందని రిపోర్టులో రాశారు. మొదట చూసిన డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, "పూసలు అరిగాయి, గ్యాపు వచ్చింది, మగ్గం మానేసి వేరే పని చూసుకోండి" అని రెండు నిమిషాల్లో పంపేశారు. రెండో ఆసుపత్రిలోనేమో వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే కాళ్లు పడిపోతాయన్నారు.

ఆ మాటకు భయపడి మూడు వారాలు మంచం దిగలేదు. నొప్పి తగ్గకపోగా, లేచిన రోజున ఇంటి నుండి బస్టాండు వరకు నడిస్తేనే కాళ్లు వణికాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే సూది రెండు రోజులు పనిచేస్తుంది, మూడో రోజుకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. నడుముకు బెల్టు కూడా కొన్నాను. మా అమ్మ మాత్రం ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లవాడితో నడుము తొక్కించుకోమని రోజూ పోరుతోంది, ఒక పిల్లవాణ్ని వెతికి కూడా పెట్టింది.

మగ్గం నిజంగా మానేయాలా, లేక రోజుకు ఇన్ని గంటలని లెక్క పెట్టుకుని నేయవచ్చా? అరిగినది మళ్లీ పూడదు కదా, అలాంటప్పుడు నొప్పి తగ్గడమనేది ఉంటుందా? ఆపరేషన్ విషయంలో ఎవరి మాట వినాలి? వేరే పని చూసుకోమన్నవారు ఇద్దరు ముగ్గురున్నారు కానీ, ఈ వయసులో నాకు చేతనయ్యే ఆ వేరే పని ఏమిటో చెప్పినవారు ఒక్కరూ లేరు.

జవాబు 1
పాత స్టీరింగు (దేవరకొండ)

తమ్ముడూ, నేను ఆర్టీసీలో 29 ఏళ్లు బస్సు నడిపి రిటైరైనవాణ్ని. డిస్కులు అరిగాయని నాకు చెప్పి పదిహేడేళ్లయింది, అందులో పన్నెండేళ్లు ఆ నడుముతోనే డ్యూటీ చేశాను. నేను డాక్టరును కాను కాబట్టి మందుల పేర్లు చెప్పను. దీనితో బతకడం ఎలాగో నాకు తెలిసినంత వరకు రాస్తాను.

మీరు మూడు వారాలు పడుకున్నారు, నేను నెలా పది రోజులు పడుకున్నాను. పడుకున్నకొద్దీ కండ సడలుతుంది, కండ సడలినకొద్దీ చిన్న పనికే నడుము పట్టేస్తుంది, పట్టేసినకొద్దీ మళ్లీ పడుకోవాలనిపిస్తుంది. ఇందులోంచి బయటపడడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఎంత నొప్పి ఉన్నా ఒకటి రెండు రోజులకు మించి మంచం మీద ఉండను, ఆ రోజుల్లో కూడా గంటకోసారి లేచి వాకిట్లో నాలుగు అడుగులు వేస్తాను.

ఇక నేను ఆలస్యంగా తెలుసుకున్న అసలు సంగతి చెబుతాను. నన్ను ఎక్కువసార్లు పడగొట్టినవి నొప్పి ఉన్న రోజులు కావు, లేని రోజులు. ఒక ఉదయం లేచేసరికి ఒళ్లు తేలికగా ఉంటుంది. అదే అదనని బాకీ పడ్డ పనులన్నీ ముందేసుకుంటాను, బియ్యం బస్తా జరుపుతాను, బండి మీద కొండమల్లేపల్లి వెళ్లి వస్తాను, పొలం గట్టు మీద అరపూట నిలబడతాను, మరునాటి నుండి నాలుగు రోజులు లేవలేను. అందుకని ఒక నోటుబుక్కు పెట్టి నెల రోజులు రాశాను: ఎంతసేపు కూర్చుంటే మొదలవుతోంది, ఎంత దూరం నడిస్తే తగ్గుతోంది, ఏ పని తరువాతి రోజు నొప్పి పెంచుతోంది. అప్పుడు తెలిసింది, చెడ్డ రోజున కూడా నేను నలభై నిమిషాలు కూర్చోగలనని. ఆ నలభైని ముప్పైకి దింపి, మంచి రోజైనా చెడ్డ రోజైనా ముప్పై నిమిషాలకు లేవడమే నియమంగా పెట్టుకున్నాను. చీటీ కట్టినట్లన్నమాట. చేతిలో డబ్బు నిండుగా ఉన్న నెలలో రెండింతలు కట్టము, లేని నెలలో ఎగ్గొట్టము. రెండు వారాలకోసారి అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్లాను. నడుస్తున్న బస్సులో లేవడం కుదరదు కదా అని మీరు అడగవచ్చు. ఊరూరా ఆగే పల్లెవెలుగు కావడం వల్ల టీ స్టాల్ దగ్గరా బస్టాండు దగ్గరా తప్పకుండా దిగి, టైర్లు చూస్తున్నట్లు బస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగేవాణ్ని. టైర్లు బాగానే ఉండేవి.

సూదుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. అందులో ఏ మందు ఉందో అడిగి, చీటీ మీద రాయించుకోండి. నేను అడగకుండా ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలూ సూదులూ వాడి కడుపులో పుండు తెచ్చుకున్నాను, నల్లగా విరేచనం అయ్యేదాకా నాకు తెలియలేదు. మూత్రపిండాలకు కూడా ఆ మందులు మంచివి కావని ఆసుపత్రిలో చేరినప్పుడు చెప్పారు.

ఎదురుకాళ్ల పిల్లవాడి సంగతి చెప్పాలంటే, నేనూ తొక్కించుకున్నవాణ్నే. ఉత్త నడుము పట్టు అయితే కాసేపు హాయిగా ఉంటుందేమో కానీ, కాలికి లాగుతున్న నొప్పి ఉన్నప్పుడు ఇంకొకరి బరువు వెన్ను మీద మోపనివ్వకండి. అమ్మ మాట తీసేసినట్లు కాకుండా, వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టే పని ఆమెకు అప్పగించండి. అది నిజంగానే సుఖంగా ఉంటుంది.

జవాబు 2
నడక మేలు (మహబూబ్‌నగర్)

అన్నగారూ, నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా వైద్యం చెప్పడం పద్ధతి కాదు కాబట్టి, ఇక్కడ రాసేది విషయం అర్థం కావడానికి మాత్రమే. డ్రైవరు గారు రాసిన చీటీ లెక్కను నేను రోగులకు అరగంట చెప్పినా ఇంత బాగా చెప్పలేను.

మన దగ్గర అందరూ "పూసల్లో గ్యాపు వచ్చింది" అంటారు. నిజానికి జరిగేది దానికి తలకిందులు: డిస్కు పలచబడి, పూసల మధ్య ఉండవలసిన ఎడం తగ్గుతుంది. వెన్నెముకలో మొత్తం 23 డిస్కులున్నాయి. ఒక్కొక్కటీ ముంజకాయ లాంటిది, అంచున గట్టి పీచు, నడుమ నీరు నిండిన మెత్తని గుజ్జు. ముంజ ముదిరితే నీరు తగ్గి గట్టిపడుతుంది కదా, వయసుతో డిస్కు కూడా అలాగే అవుతుంది. మీ రిపోర్టులో నీరు తగ్గిందని రాసింది దీని గురించే. పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు దాదాపు వెళ్లవు కాబట్టి, దానికి అందవలసిన పోషకాలు పక్కనున్న ఎముక నుండి మెల్లగా ఇంకుతూ చేరాలి. కదలికలో డిస్కు మీద పడే ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉండడం దానికి మేలు చేస్తుంది. గంటల తరబడి ఒకే భంగిమలో ఉండడం, వారాల తరబడి పడుకోవడం రెండూ అందుకే పనికిరావు.

"అరిగింది" అన్న మాట విని మీరు భయపడ్డారు కాబట్టి ఈ లెక్క చూడండి. నడుము నొప్పి ఏమాత్రం లేని 3110 మంది స్కానులను చూసిన 33 పరిశోధనల ఫలితాలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. డిస్కు అరుగుదల 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 40 ఏళ్లవారిలో 68 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి కనిపించింది. వీరెవరికీ నొప్పి లేదు! అంటే మీ ఊళ్లో మీ ఈడువారిని వరుసగా నిలబెట్టి స్కాను తీస్తే, హాయిగా తాడెక్కి కల్లు దించేవారిలో కూడా సగానికి పైగా మందికి డిస్కు అరుగుదల కనిపిస్తుంది. అలాగని మీ నొప్పి అబద్ధమని కాదు. నొప్పికి అరుగుదల ఒక్కటే కారణం కాదని, నరం చుట్టూ వచ్చిన వాపు, బిగుసుకున్న కండరాలు, నిద్రలేమి, కాళ్లు పడిపోతాయన్న భయం, ఇవన్నీ అందులో పాలు పంచుకుంటాయని నా ఉద్దేశం. అరుగుదల వెనక్కి పోదు, కానీ ఈ మిగిలినవి తగ్గుతాయి, వాటితోపాటు నొప్పి కూడా తగ్గుతుంది. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే.

మగ్గమే నా నడుమును తినేసిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు, డ్రైవర్లు బస్సును అన్నట్లే. ఫిన్లాండులో కవల సోదరుల వెన్నెముకలను ఏళ్ల తరబడి పరిశీలించారు. జంటలో ఒకరు బరువు పనో డ్రైవింగో చేసి, ఇంకొకరు తేలిక పని చేసినా, అరుగుదలలో తేడా వారు ఊహించినంత రాలేదు. వంశపారంపర్యమే ఎక్కువ పాలు పంచుకుందని తేల్చారు. అరుగుదలకు మగ్గాన్ని తిట్టనవసరం లేదు కానీ, నొప్పిని ప్రతిరోజూ రేపేది మాత్రం మగ్గంలో కూర్చునే తీరే కావచ్చు. ఈ రెండూ వేరువేరు విషయాలు.

కూర్చునే తీరు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నారాయణపేట నుండి వచ్చే నేతపనివారిని చూసి చూసి నేను వారి ఇళ్లకు వెళ్లి మగ్గాల ముందు కూర్చున్నాను. గుంట లోతు తక్కువై మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తే నడుము గుండ్రంగా వంగిపోతుంది, డిస్కు వెనుక భాగం మీద లాగుడు పడుతుంది. కూర్చునే పలక మీద వెనుక వైపు ఎత్తుగా, ముందు వైపు పల్లంగా ఉండేలా గట్టి దిండో మడిచిన బొంతో వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా కాస్త కిందికి ఉండేలా సరిచూసుకోండి. పలక ఎత్తు పెరిగితే తొక్కుడు చెక్కలు అందవు కాబట్టి వాటిని కూడా ఆ మేరకు పైకి కట్టించాలి, లేకపోతే కాలు చాచి తొక్కవలసి వచ్చి నరం ఇంకా లాగుతుంది. కుడిచేత్తో తాడు లాగుతూ ఎడమచేత్తో పన్నె (పోగును దగ్గరికి నెట్టే దువ్వెన లాంటిది) కొట్టేటప్పుడు మీరు ప్రతి పోగుకూ ముందుకు వాలుతున్నారో లేదో ఇంట్లో ఎవరినైనా పక్కనుండి ఫోనులో వీడియో తీయమనండి. వాలుతున్నట్లయితే పలకను వస్త్రం వైపు నాలుగు వేళ్లు జరపండి. కండెల బుట్టను చేతికి అందేంత దగ్గర పెట్టుకోకండి, గది అవతలి మూల పెట్టండి. లేవక తప్పదు.

తెల్లవారుజామునే మగ్గంలో దిగే అలవాటు ఉంటే మార్చుకోండి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఉదయం మనం రాత్రి కంటే సెంటీమీటరుకు పైగా పొడుగ్గా ఉండడానికి కారణం అదే. ఆ బిగువులో నడుము వంచితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. నిద్రలేచిన మొదటి గంట వంగే పనులు, కూర్చునే పనులు పెట్టుకోకుండా నడకకు కేటాయించండి. ఆస్ట్రేలియాలో 701 మందిపై చేసి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో, నడుము నొప్పి తగ్గినవారు ఒక పద్ధతి ప్రకారం నడక పెంచుకుంటూ వెళితే నొప్పి మళ్లీ తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, అలా నడవనివారికి 112 రోజులే పట్టింది. మీరు పది నిమిషాలతో మొదలుపెట్టండి.

వ్యాయామాలు బొమ్మ చూసి కాక, ఒకసారైనా ఎదురుగా నేర్చుకోవాలి. నేర్పేవారు దొరికేదాకా ఒక్కటి చేయండి: అరచేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, నడుము కదలకుండా కుడిచేయీ ఎడమకాలూ చాచి పది లెక్కపెట్టి దించండి, తరువాత రెండో వైపు. కాలిలో లాగుడు పెరిగితే ఆపేయండి, నొప్పి పిక్క నుండి తొడకు, తొడ నుండి నడుముకు వెనక్కి వస్తున్నట్లయితే అది మంచి సూచన, నడుములో కాస్త ఎక్కువైనా కంగారు పడకండి.

చివరగా మా వాళ్లకు కోపం తెప్పించే మాట ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులు, ట్రాక్షను (నడుమును సాగదీయడం), అల్ట్రాసౌండు వంటి యంత్ర చికిత్సలు మామూలుగా వాడవద్దనే చెప్పింది. పది రోజుల యంత్రాల ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు, వ్యాయామం ఎవరు నేర్పుతారో అడగండి.

జవాబు 3
పల్లికాయ (అచ్చంపేట)

అందరూ ఆపరేషన్ వద్దన్నట్లే మాట్లాడుతున్నారు కాబట్టి చేయించుకున్నవాడిగా నేను రాయాలి. నేను వేరుశనగ రైతును. ఆరేళ్ల క్రితం నాకూ ఇలాగే కాలికి లాగేది. ఒకరోజు పొలం నుండి వస్తుంటే కుడికాలి చెప్పు ఎక్కడో జారిపోయింది, ఇంటి గడప దగ్గర కాళ్లు కడుక్కునేదాకా నాకు తెలియలేదు. మడమ మీద నిలబడి పాదం పైకెత్తబోతే లేవలేదు. హైదరాబాదులో చూపిస్తే, నరం బలహీనపడుతోంది, ఆగడం మంచిది కాదని చెప్పి వారంలో ఆపరేషన్ చేశారు. కాలి లాగుడు మరునాడే పోయింది. పాదం బలం రావడానికి ఏడాది పట్టింది. నడుము నొప్పి మాత్రం ఇప్పటికీ ఉంది. ఆపరేషన్ కాలి నొప్పికి పనిచేసినంతగా నడుము నొప్పికి పనిచేయదని సర్జను గారు ముందే చెప్పారు. ఈ మాట ముందుగా చెప్పని చోట నేనైతే చేయించుకోను.

ఆపరేషన్ విషయంలో ఎవరి మాట వినాలని అడిగారు కదా, నాకు వివరించిన ఒక సంగతి మీకు ఉపయోగపడవచ్చు. నెదర్లాండ్స్‌లో కాలికి లాగే నొప్పి 6 నుండి 12 వారాలుగా ఉన్న 283 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్ చేసి, రెండో జట్టును ఆగి చూడమన్నారు. ఆపరేషన్ చేయించుకున్నవారికి ఉపశమనం త్వరగా వచ్చింది కానీ, ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు సమానంగానే కోలుకున్నాయి. అయితే ఆగినవారిలో నూటికి 39 మంది ఆ ఏడాదిలోనే ఆపరేషన్‌కు వెళ్లారన్నది కూడా మరిచిపోకూడదు. కాబట్టి కాలి బలం తగ్గనంత వరకు ఇది ప్రాణం మీదికి వచ్చిన తొందర కాదు, మీరు నిదానంగా తేల్చుకోవలసిన విషయం. అలాగని మీవి ఎనిమిది నెలలు, మరీ చిన్న సమయం కాదు. శ్రద్ధగా రెండు మూడు నెలలు వ్యాయామం చేసినా పిక్క నొప్పి అలాగే ఉంటే, స్కాను కాగితాన్ని కాక మిమ్మల్ని పరీక్షించే సర్జను దగ్గరికి వెళ్లి అడగడంలో తప్పు లేదు.

తొందరపడవలసినవి వేరే ఉన్నాయి. మూత్రం రాక ఉగ్గబట్టినట్లు ఉండడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, సైకిలు సీటుకు తగిలే చోట మొద్దుబారడం, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

జవాబు 4
మునుగోడు బావి (నల్లగొండ)

నేను ఆరోగ్యశాఖలో సూపర్‌వైజరుగా మర్రిగూడ, మునుగోడు వైపు చాలాకాలం పనిచేశాను. ఇంతమంది ఇంత వివరంగా రాసినా, నల్లగొండవాడి నడుము నొప్పి గురించి మాట్లాడుతూ ఫ్లోరైడ్ మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి కాబట్టి ఆ గొడవ తీరిపోయిందని మనం అనుకుంటున్నాం. 44 ఏళ్ల మనిషి బాల్యమంతా ఏ నీరు తాగాడో గుర్తుచేసుకోండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు, మా ప్రాంతపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఎముకలోకి చేరినది నీళ్లు మారిన మరుసటి ఏడాదికే పోదు. వెన్నెముక కట్టెలా బిగుసుకోవడం, స్నాయువులు సున్నం పట్టి గట్టిపడడం దాని లక్షణాలు, అవి మొదట నడుము నొప్పిగానే బయటపడతాయి.

మేము ఊళ్లలో మూడు చిన్న పరీక్షలు చేయించేవాళ్లం. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమనడం ఒకటి, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం రెండోది, చేతులు పక్కకు చాచి మడిచి తల వెనుక భాగాన్ని తాకమనడం మూడోది. మీకు కాలి లాగుడు ఉన్నందువల్ల నాణెం పరీక్షలో ఎలాగూ ఇబ్బంది పడతారు, బలవంతంగా వంగకండి. గడ్డం, చేతులు కూడా సరిగా కదలకపోతే మాత్రం డాక్టరుకు చెప్పి ముంజేతికి ఎక్స్‌రే తీయించండి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బు) ముదిరితే ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి అందులో కనిపిస్తుంది. డిస్కు అరుగుదలా ఇదీ రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు.

ఇంకొకటి కూడా ఉంది. రోజూ సాయంత్రం సన్నగా జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గక రాత్రి ఎక్కువయ్యే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. అది మన దేశంలో అరుదైన జబ్బు కాదు, మందులతో నయమవుతుంది, కానీ నడుము నొప్పే కదా అని నెలల తరబడి సూదులు వేయించుకుంటూ గడిపినవారిని నేను చూశాను.

జవాబు 5
కుప్పడం (గద్వాల)

అన్నా, మేమూ నేతపనివారమే. నడుము గురించి పెద్దలు రాశారు, నేను కూలి గురించి రాస్తాను. నొప్పి వచ్చిన మొదటి ఏడాది నేను ఆ సంగతి మా మాస్టర్ వీవర్‌కు (నూలు ఇచ్చి కూలికి నేయించే ఆసామికి) చెప్పకుండా దాచాను, వార్పు ఆలస్యమైనప్పుడల్లా అబద్ధాలు చెప్పి రెండు వార్పులు పోగొట్టుకున్నాను. చివరికి ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఇన్ని రోజులే పడతాయని ముందే ఒప్పుకున్నాక గొడవ తగ్గింది. ఇంట్లో పని కూడా మార్చుకున్నాం. నేను రెండు గంటలు నేసిన తరువాత మా తమ్ముడు నేస్తాడు, ఆ సమయంలో నేను నిలబడి చేసే పనులు చూస్తాను. గుంటలో కాక నేల పైన నిలిచే స్టాండు మగ్గం మీద బెంచీ ఎత్తు మనకు కావలసినట్లు పెట్టుకోవచ్చు. మారాలంటే ఖర్చవుతుంది కాబట్టి ముందు గుంట మగ్గాన్నే సరిచేసి చూడమని నా సలహా. బీడీ అలవాటు ఉంటే అది కూడా తగ్గించండి. డిస్కు అరుగుదలకు పొగ కూడా తోడవుతుందని మా డాక్టరు చెప్పారు.

ప్రశ్న అడిగినవారి నుండి
గుంట మగ్గం

ఏడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. గడ్డం ఛాతీకి ఆనింది, చేతులు తల వెనుకకు వెళ్లాయి. అయినా మునుగోడు పెద్దాయన మాట మీద ముంజేతి ఎక్స్‌రే తీయించాను, అందులో ఏమీ లేదన్నారు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. మడమల మీదా మునివేళ్ల మీదా నడవగలుగుతున్నాను, చెప్పు ఎక్కడా జారిపోలేదు.

వీడియో చూసుకుంటే నాకే సిగ్గనిపించింది, ప్రతి పోగుకూ కొంగలా ముందుకు వంగుతున్నాను. పలక ఎత్తు పెంచి, తొక్కుడు చెక్కలు పైకి కట్టించి, దిండు వేశాను. మొదటి వారం చేయి కుదరక అంచు వంకరపోయి రెండు జానల నేత విప్పవలసి వచ్చింది. నోటుబుక్కు లెక్క ప్రకారం ఇరవై అయిదు నిమిషాలతో మొదలుపెట్టి ఇప్పుడు నలభైకి వచ్చాను, రోజుకు అలాంటివి ఏడు సార్లు. మధ్యలో ఒక ఆదివారం ఒళ్లు తేలికగా ఉందని మూడు గంటలు వరుసగా నేసి, డ్రైవరన్న చెప్పినట్లే బుధవారం దాకా పడుకున్నాను. అక్కడ కూడా ఆయన లెక్క తప్పలేదు. ఉదయం చెరువు కట్ట దాకా నడుస్తున్నాను, పది నిమిషాలు ఇరవై అయిదు అయ్యాయి. సూది వేయించుకుని నెల దాటింది. బెల్టు గోడకు వేలాడుతోంది. మా అమ్మ రోజూ వావిలాకు కోసుకొస్తోంది, పిల్లవాడి మాట ఎత్తడం లేదు.

పిక్క నొప్పి పూర్తిగా పోలేదు కానీ, ఎక్కువ రోజుల్లో తొడ దగ్గరే ఆగుతోంది. ఇంకో నెల చూసి సర్జను గారికి చూపిస్తాను. ఫిజియో అమ్మగారికి ఒక సందేహం: నా మగ్గంలో ఎడమకాలితో తొక్కే చెక్క బరువు, కుడికాలిది తేలిక. వాటిని అటుదిటు మార్చి కడితే ఎడమ నరానికి సుఖమవుతుందా, లేక కొత్త అలవాటు కుదిరేలోగా కుడి నడుము కూడా పట్టేస్తుందా?

నడక మేలు

మార్చి కట్టవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. ఇప్పటికే పలక ఎత్తు, చెక్కల ఎత్తు మార్చారు, ఇది కూడా మారిస్తే రేపు నొప్పి పెరిగినా తగ్గినా దేనివల్లో మనకు తెలియదు. ఈ వార్పు దిగనిచ్చి, కొత్త వార్పు ఎక్కించేటప్పుడు మార్చండి, మొదటి వారం నలభై నిమిషాలను మళ్లీ ఇరవై అయిదుకు దించుకుని మొదలుపెట్టండి.